గేరుపెట్టెకు కాపడం

మా ఆయన మోటారు సైకిలు మా వాకిట్లో బయలుదేరి వేంపల్లె సంత మలుపు దాటేలోపు మూడుసార్లు గొంతు మార్చాలి. వాకిట్లో బరువుగా మూలుగుతుంది. అది మొదటి గేరు. కుమ్మరోళ్ల ఇంటి దగ్గర ఆ మూలుగు తెగి కొంచెం తేలికపడుతుంది. మసీదు దగ్గర ఇంకొంచెం. మలుపు తిరిగి రోడ్డెక్కాక నాలుగో గేరు పడితే, పక్కింట్లో ఎవరో మజ్జిగ చిలుకుతున్నట్టు ఉంటుంది. రెండేళ్లుగా వంటింట్లో నిలబడి వింటున్నాను గనుక ఏ గేరు ఎక్కడ పడిందో చూడకుండానే చెప్పగలను.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, చలికాలం మొదట్లో ఒక ఉదయం, మసీదు దగ్గర రావలసిన మూడో గొంతు రాలేదు. బండి రెండో గేరులోనే అరుచుకుంటూ సంత దాకా పోయింది. వింటూ నిలబడిపోయాను, పోపులో ఆవాలు మాడిపోయాయి.

ఆయన వేంపల్లె గొడ్ల ఆస్పత్రి డాక్టరు. బండి సర్కారుది. యుద్ధంలో సైన్యం వాడి వదిలేసింది, పచ్చరంగు మీద తెల్ల అంకెలు ఇంకా కనబడుతూ ఉండేవి. మొదటి గేరుకు కుడికాలి దగ్గరున్న కడ్డీని పైకెత్తాలి, తక్కిన మూడింటికి ఒక్కొక్కసారి కిందికి తొక్కాలి. ఎత్తినా తొక్కినా, కాలు తీయగానే కడ్డీ తనంతట తాను నడిమికి వచ్చి నిలబడాలి. అలా వస్తేనే తర్వాతి గేరు అందుతుంది. పెళ్లయిన కొత్తలో నేను అడిగితే ఆయన చెప్పిన సంగతి ఇది. అనంతపురం కాలేజీలో రెండేళ్లు ఫిజిక్సు చదివినదాన్ని, అడగకుండా ఉండలేకపోయాను.

ఆ చలికాలం ఆయన క్లచ్చి తీగ బిగించారు, వదులు చేశారు, మళ్లీ బిగించారు. చెప్పులు మాని బూట్లు వేసుకున్నారు. సాయంత్రం ఇంటికొచ్చి “ఈ రోజు బాగానే వచ్చింది” అనేవారు. మర్నాడు ఉదయం మసీదు దగ్గర మళ్లీ అదే అరుపు. నేను గోడమీది క్యాలెండరులో, వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, పెన్సిలుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. గేర్లన్నీ సరిగా పడితే గీత, పడకపోతే సున్నా. ఎందుకని ఆయన అడగలేదు. పాల లెక్క అనుకొని ఉంటారు.

అంతవరకు అది మాకు చికాకు మాత్రమే. జువ్విమానుపల్లెలో జరిగినదానితో పెద్ద కష్టమై కూర్చుంది.

ఎర్రకనుమ అవతల రెండు ఊళ్లలో గొడ్లకు ముసర తగిలింది. నోట్లో పుండ్లు, కళ్లవెంట నీళ్లు, పారుడు, వారంలో చావు. కనుమ పైనున్న జువ్విమానుపల్లెకు అది పాకకముందే టీకాలు వేయాలి. ఆ మందుకు మంచులో ఉన్నంతసేపే ప్రాణం. మంచుగడ్డ కడప నుంచి మొదటి బస్సులో, రంపపు పొట్టులో చుట్టుకొని ఎనిమిదికి వస్తుంది. పగలగొట్టి వెడల్పు మూతి ఫ్లాస్కులో నింపుకుంటే మధ్యాహ్నం దాకా ఆగుతుంది. మోటారు సైకిలు మీద జువ్విమానుపల్లె గంట దారి. ఎడ్లబండి మీద సగం రోజు.

ఆ శుక్రవారం ఆయన వెనక తిమ్మయ్య ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. తిమ్మయ్య ఆస్పత్రి బంట్రోతు, అరవైకి దగ్గర పడినవాడు. ఆస్పత్రిలో చేరకముందు ముప్పై ఏళ్లు బాడుగకు ఎడ్లబండి తోలాడు. మోటారు సైకిలును ‘మన బండి’ అంటాడు, రోజూ తెల్లవారకముందే వచ్చి తుడుస్తాడు. చదునులో ఆయన కడ్డీని కాలితో తోసి తోసి ఎలాగో మూడో గేరు సంపాదించారట. కనుమ మొదటి మలుపులో రెండుకు దిగాలని కడ్డీ ఎత్తితే, ఎత్తినచోటే ఉండిపోయింది, గేరు మారలేదు. ఇంజను ఊపిరాడక ఆగిపోయింది. ఆ పైన ఎంత తన్నినా మొదటి గేరు పడలేదు. ఆయన ముందు లాగుతూ, తిమ్మయ్య భుజం ఆనించి నెడుతూ, ఎండ పొడ సోకని ఆ కనుమంతా బండిని నడిపించుకొని పోయారు. ఒంటిగంట దాటాక ఊరు చేరేసరికి ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లున్నాయి.

ఊరి మొదట్లో ఇద్దరు నిలబడి ఉన్నారట. ఒకరు రామసుబ్బమ్మ, రెండు బర్రెలు, పదిమందికి సరిపడే నోరు ఉన్న మనిషి.

“ఏమప్పా డాక్టరూ, బండి నిన్ను మోసుకొచ్చినాదా, నువ్వు బండిని మోసుకొచ్చినావా?”

రెండోవాడు ఊరి పెద్ద ఓబులేసు. ఆయన నవ్వలేదు.

“తెల్లారుజాము నుంచి రెండు నూర్ల నలభై గొడ్లను మేతకు ఇడవకుండా కట్టేసినాం సారూ. వచ్చే శుక్రారం ఇంగొక్కసారి కట్టేస్తాం. ఆ పొద్దు గూడ ఇట్లయితే మల్లా మా ఊరికి రావాకు. మా గొడ్లను మేం సూసుకుంటాం.”

పాడైన మందును మావారు గుంట తీసి పోసి, పైన మన్ను కప్పి వచ్చారు. ఆ సాయంత్రం బండి నాలుగు గేర్లలోనూ చక్కగా పలుకుతూ ఇంటికి చేరింది. నేను క్యాలెండరులో గీత పెట్టాను. ఆయన అన్నం ముందు కూర్చొని ఇదంతా చెప్పారు. అన్నం కలిపారు గాని తినలేదు.

మంగళవారం లేవి వచ్చాడు. యుద్ధంలో బర్మా దాకా పోయి మిలిటరీ బండ్లు బాగుచేసిన మనిషి, కడపలో ఉంటాడు. వారానికి రెండుసార్లు వేంపల్లె శనక్కాయల మిల్లు ఇంజను చూడ్డానికి బస్సులో వస్తాడు. తలుపు దగ్గర నేను నిలబడి ఉండగా బండి తన్ని, గేరు కడ్డీ నాలుగుసార్లు తొక్కి, లోపల కరకరమన్న చప్పుడు విని లేచాడు.

“గేరు పండ్లు పోయినాయి సార్. మద్రాసు నుంచి తెప్పించుకోవల్ల. సర్కారు బండి గదా, కాగితాలు పోయి వచ్చేసరికి ఉగాది అయితాది.”

మావారు తల ఊపారు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు.

“లేవీ,” అన్నాను, “పండ్లు అరిగిపోతే పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా ఉంటుందా?”

అతను నా వైపు తిరిగాడు. “అట్లేం ఉండదమ్మా. పోయిన పన్ను ఎప్పుడైనా పోయిన పన్నే.”

నేను క్యాలెండరు తెచ్చి అరుగు మీద పెట్టాను. ఇరవై రెండు రోజులు. ఉదయాలన్నీ సున్నాలు, సాయంత్రాలన్నీ గీతలు. ఉదయాల్లో ఒక్కచోట మాత్రం గీత ఉంది. ఆ రోజు ఆయనకు జ్వరంగా ఉండి పదకొండింటికి బయలుదేరారు. బండి అప్పటిదాకా వాకిట్లో ఎండలో ఉంది.

లేవి దాన్ని చాలాసేపు చూశాడు. “అమ్మా, మిలిటరీలో వందకు పైన గేరుపెట్టెలు విప్పినా నేను,” అన్నాడు. మాటలో మర్యాద ఉంది, ఒప్పుకోవడం లేదు. “బేస్తవారం మల్లా వస్తా. అప్పుడు విప్పి చూపిస్తా, పండ్లు ఎట్ల పోయినాయో.”

అతను పోయాక మావారు నన్ను అడిగారు, “మిలిటరీ మేస్త్రి కంటే నీకు ఎక్కువ తెలుసా?”

“నాకు గేర్లు తెలియవు. మీకు గొడ్లు తెలుసు కదా. ఒక ఎద్దు పొద్దున లేవలేక, ఎండెక్కాక లేచి తిరుగుతుంటే కాలు విరిగిందంటారా?”

ఆయన క్యాలెండరు చేతిలోకి తీసుకున్నారు. “కీళ్లు పట్టుకున్నాయంటాను,” అన్నారు.

“మరి కీళ్లు పట్టుకుంటే ఏం చేస్తారు?”

“కాపడం పెడతాం.”

బుధవారం తెల్లవారుతుండగానే పెద్ద గంగాళంలో నీళ్లు కాచాను. వాకిట్లో బండి సీటు మీద మంచు తడి ఉంది. తిమ్మయ్య అప్పటికే వచ్చి చక్రాలు తుడుస్తున్నాడు. ముందు గేరు కడ్డీని చేత్తో కిందికి నొక్కి వదిలాను. నొక్కినచోటే ఉండిపోయింది, చెప్పిన మాట వినని పిల్లవాడిలాగ. అప్పుడు పాత దుప్పటి ముక్కను వేడినీళ్లలో ముంచి, పిండి, గేరుపెట్టె మీద కప్పాను. చల్లారగానే తీసి మళ్లీ ముంచాను.

“ఏం జేస్తాండావమ్మా?” అన్నాడు తిమ్మయ్య.

“కాపడం.”

“బండికా?” అని నవ్వాడు గాని, లేచి రెండో గుడ్డ తనే ముంచి ఇచ్చాడు.

ఎనిమిదో గుడ్డకు కడ్డీ నొక్కి వదిలితే సగం దాకా వచ్చింది. పన్నెండో గుడ్డకు టక్కున నడిమికి వచ్చి నిలబడింది. అప్పుడే గుడ్డ ఆవిరితో పాటు ఒక వాసన పైకి వచ్చింది. మోటారు నూనె వాసన కాదది. చిన్నప్పుడు నెలకొకసారి ముక్కు మూసి మింగించిన వాసన, బాలింతల గదిలో కాచే వాసన. ఆముదం.

నేను గుడ్డ కింద పెట్టాను.

“తిమ్మయ్యా, ఇందులో ఏం పోసినావు?”

“కందెన,” అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

“ఎడ్లబండి ఇరుసుకు రాసే కందెనా?”

“అదేనమ్మా. లేవి ఇచ్చిన డబ్బా కార్తీకంలో అయిపోయె. ఆ నూనె నీళ్ల మాదిరి ఉన్నింది, దాంట్లో ఏం బలం ఉంటాది? మంచి ఆముదం కాంచి, వరిగడ్డి కాల్చిన మసి గుడ్డలో జల్లించి కలిపి, వారానికింత పోస్తాండా. ముప్పై ఏండ్లు నా ఇరుసు ఒక్క పొద్దు కీచుమనలే.”

“డాక్టరుగారికి చెప్పలేదా?”

“గొడ్డుకు కుడితి పెట్టినామని చెప్తామా అమ్మా?”

వేపపుల్లతో పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న మావారు వచ్చి కడ్డీని ఒకసారి నొక్కారు. వచ్చింది. ఇంకోసారి నొక్కారు. వచ్చింది. తిమ్మయ్య ఆయన చేతివైపు, నా ముఖంవైపు, కింద పడున్న దుప్పటి ముక్కవైపు చూశాడు. అర్థమైనప్పుడు అతని చెయ్యి తన కుడి భుజం మీదికి పోయింది. కనుమంతా బండిని నెట్టిన భుజం అది.

“నేనేనా చెడగొట్టింది?” అన్నాడు.

“చెడలేదు,” అన్నాను. “ఆముదం మసితో కలిసి చలికి గడ్డకడుతోంది, వేడికి కరుగుతోంది. లోపల ఏమీ విరగలేదు. ఆ సంగతి చెప్పింది నీ ఆముదం వాసనే.”

అతను సమాధానపడలేదు. కాని ఆ పూట నేను కాఫీ ఇస్తే తాగాడు.

గురువారం లేవి పెద్ద సంచితో వచ్చి, అరుగు మీద గోనెపట్ట పరచి, గేరుపెట్టె పక్కమూత విప్పాడు. లోపల ఏమీ కనబడలేదు. మూకుడు అడుగున అంటుకున్న పాత నూనెలాగ నల్లగా, బంకగా, నిండా కందెన.

“ఇది గేరుపెట్టెనా, ఎద్దుల బండి ఇరుసా?” అన్నాడు లేవి.

“రెండూ తిరిగేవే గదప్పా,” అన్నాడు తిమ్మయ్య నేల చూస్తూ.

లేవి నవ్వాపుకొని, ఆ బంకలోంచి చిటికెనవేలి గోరంత కొక్కేన్ని తుడిచి పైకి తీశాడు. దాని వెనక సన్న స్ప్రింగు. కడ్డీ తొక్కినప్పుడల్లా ఈ కొక్కెం పంటిని పట్టుకొని తిప్పాలి, వదలగానే వెనక్కి వచ్చి తర్వాతి పంటిని అందుకోవాలి. కందెనలో కూరుకుపోయి అది వెనక్కి రాలేకపోయింది. తర్వాత అతను లోపలి మూత కూడా విప్పి, గేర్లను ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

“అమ్మా, ఇట్ల రా,” అని పిలిచాడు. “సూడు. ఒక్క పన్ను గూడ అరగలే. నేను చెప్పింది తప్పు.”

ఆ మాట అంత తేలిగ్గా అనగలిగిన మనిషి పని మీద నాకు గౌరవం కలిగింది. అలాగని పని చూడటం మానలేదు. అతను పూల పింగాణీ పళ్లెంలో కిరసనాయిలు పోసి కడిగి, మూత బిగించడానికి చెయ్యి చాచాడు. నేను పళ్లెంలోకి చూశాను.

“కిరసనాయిలు నల్లగానే ఉంది లేవీ.”

“అంత మాత్రం ఉంటాదమ్మా.”

“కడిగిన నీళ్లు ఇంకా తెల్లగా ఉంటే బియ్యం ఎసట్లో పోస్తామా? ఇంకొకసారి కడుగు.”

కడిగాడు. ఇంకా మసకగా ఉంది. మూడోసారి కడిగినప్పుడు పళ్లెం అడుగున పూలు కనబడ్డాయి. “మిలిటరీలో గూడ ఇంత పరీచ్ఛ పెట్టలేదు నాకు,” అని తిమ్మయ్యతో అన్నాడు లేవి. తిమ్మయ్య మొదటిసారి నవ్వాడు. సరైన నూనె కడప బస్సు డ్రైవరు తన డబ్బాలోంచి వంచి ఇచ్చాడు. మూత బిగించాక తిమ్మయ్య సూదులూ, మందు కలిపే ఉప్పునీళ్ల సీసాలూ ఎడ్లబండిలో పెట్టుకొని జువ్విమానుపల్లెకు బయలుదేరాడు. పొద్దున గొడ్లను కట్టించే పని తనదన్నాడు.

శుక్రవారం ఉదయం సీటు మీద మళ్లీ మంచు తడి. నేను కడ్డీ నొక్కి వదిలాను. చన్నీళ్లలో ఉన్నంత చల్లగా ఉన్న కడ్డీ, టక్కున వచ్చి నడిమిలో నిలబడింది. ఎనిమిదికి బస్సు వచ్చింది. మావారు మంచు పగలగొట్టి ఫ్లాస్కు నింపి, మందు సీసాలు లోపల దించి, మూత పెట్టి, అప్పుడు ఆగారు. ఫ్లాస్కు పట్టుకునే తిమ్మయ్య పన్నెండు మైళ్ల అవతల ఉన్నాడు.

“నువ్వు వస్తావా?” అన్నారు, బండి హ్యాండిలును చూస్తూ.

నేను అప్పటికే చెంగు నడుముకు దోపాను.

కుమ్మరోళ్ల ఇంటి దగ్గర రెండు. మసీదు దగ్గర మూడు. ఇన్నాళ్లుగా ఉదయాల్లో వంటింట్లో ఎదురుచూసిన గొంతు, ఇప్పుడు నా కిందనే పలికింది. సంత మలుపు దాటాక నాలుగు. ఉదయపు చలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫ్లాస్కును రెండు చేతులతో కడుపుకు హత్తుకొని కూర్చున్నాను. లోపల మంచుముక్కలు గలగలమంటున్నాయి.

ఎర్రకనుమ మొదటి మలుపులో రోడ్డు మీద ఒక రాయి పడి ఉంది. పోయిన వారం బండి వెనక్కి జారకుండా వాళ్లు చక్రం కింద పెట్టిన రాయి. ఆయన భుజాలు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. బూటు కడ్డీ కిందికి పోయింది, ఎత్తింది. టక్. నాలుగు నుంచి మూడు. ఇంజను గొంతు బరువెక్కింది. ఏటవాలు పెరిగింది. టక్. రెండు. రాయి మా పక్కనుంచి వెనక్కి పోయింది. పై మలుపులో రోడ్డు గోడలాగ లేచింది. టక్. మొదటి గేరులో బండి మూలుగుతూ, ఎక్కడా తడబడకుండా, రాళ్లను కిందికి చిమ్ముతూ ఎక్కింది. ఆయన భుజాలు కిందికి దిగాయి.

జువ్విమానుపల్లె చేరేసరికి తొమ్మిదింపావు. ఊరి మొదట్లో బండరాయి మీద తిమ్మయ్య నిలబడి ఉన్నాడు. మేము కనబడకముందే, కింద మలుపుల్లో బండి గొంతు వినబడుతుంటే “మూడు... రెండు... ఒగటి పడె” అని చుట్టూ చేరిన జనానికి చెబుతూ ఉన్నాడట. కొందరు అతనికి పిచ్చి పట్టిందనుకున్నారట.

రామసుబ్బమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“ఏమ్మే, ఈ పొద్దు డాక్టరమ్మను గూడ మోసుకొచ్చినాదే మీ బండి.”

“మంచును కూడా మోసుకొచ్చింది,” అని ఫ్లాస్కు మూత తీశాను.

ఓబులేసు వట్టి మాటలు నమ్మే మనిషి కాదు. చెయ్యి లోపల పెట్టి, ఒక ముక్క పైకి తీసి, వేళ్ల మధ్య పట్టుకొని చూశాడు. మళ్లీ జాగ్రత్తగా లోపల వేశాడు. వెనక్కి తిరిగి, “పట్టుకోండప్పా ముందు ఎద్దును,” అన్నాడు.

మావారు మందు కొంచెం కొంచెంగా కలుపుతూ సూది వేస్తూ పోయారు. తిమ్మయ్య కొమ్ములు పట్టాడు. నేను నీడన కూర్చొని, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యాలెండరు వెనక, ఆ పెన్సిలుతోనే, ఒక్కొక్క గొడ్డుకు ఒక్కొక్క గీత పెట్టాను. ఒంటిగంటకు రెండు వందల నలభై గీతలయ్యాయి. సున్నా ఒక్కటీ లేదు. చివరి రెండు గీతలు రామసుబ్బమ్మ బర్రెలవి.

ఫ్లాస్కు అడుగున చిన్న మంచుముక్క మిగిలింది. దాన్ని ఆమె అరచేతిలో పెట్టాను.

“అమ్మా, కాలతాందే ఇది,” అని పక్కామె చేతిలో పెట్టింది. ఆమె ఇంకొకరికి ఇచ్చింది. చివరికి ఓబులేసు తల్లి చేతిలోకి పోయేసరికి అది నీళ్లయింది. ఆమె ఆ తడి చేతిని ముఖానికి రాసుకుంది.

బయలుదేరేముందు తిమ్మయ్య బండి తుడుస్తూ, చుట్టూ ఉన్న వాళ్లకు గేరుపెట్టె చూపిస్తున్నాడు. “దీనికి కందెన పొయ్యకూడదప్పా. పల్సని నూనె పొయ్యల్ల. మురికి ఉంటే కిరసనాయిలుతో మూడుసార్లు కడగల్ల, పళ్లెం అడుగు కనపడేదాకా.” ముప్పై ఏళ్లుగా తెలిసిన విషయంలాగే చెప్పాడు.

ఆ ఏడు ముసర కనుమ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తిరిగింది. జువ్విమానుపల్లెలో ఒక్క గొడ్డు పోలేదు. ఆ పైన మావారు అక్కడికి వెళ్లేముందు కబురు చేయాల్సిన పని లేకపోయింది. కింద మలుపులో బండి గొంతు వినబడగానే, ‘రెండు పడె, ఒగటి పడె’ అని వాళ్లే లెక్కపెట్టుకొని, ఆయన పైకి చేరేలోపు గొడ్లను కట్టేసి ఉంచేవారు.